గదిలో ఇంకొకరికి చోటు

హోసూరులో తెలుగు సంఘాల యువతీయువకులు, వారి తల్లిదండ్రులు కలిసిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం

కృష్ణగిరి నుంచి, సూళగిరి నుంచి, డెంకణికోట నుంచి బస్సులు మారి వచ్చినవాళ్లు ఉన్నారు. మీకు తిరిగి వెళ్లే బస్సు దొరికే లోపల ముగిస్తాను.

యువజన పెద్దలు నాకిచ్చిన అంశం "విదేశాల్లో చదువు, ఆత్మీయ సిద్ధపాటు". ఈ ఏడాది మన సంఘాల నుంచి నలుగురు బయలుదేరుతున్నారు. ఇద్దరు జర్మనీకి, ఒకరు అమెరికాకి, ఒక చెల్లి ఇంగ్లండుకి. ఆత్మీయం అని చెప్పి నేను ప్రార్థన గురించి, ఆదివారం ఆరాధన గురించి మాట్లాడి ఊరుకుంటే వెనక కుర్చీల్లో ఉన్న అయ్యలు నన్ను వదలరు. వాళ్ల మనసులో ఉన్నది అప్పు. అందుకని డబ్బుతోనే మొదలుపెడతాను. డబ్బు ఆత్మీయమైన విషయం కాదని అనుకునేవాళ్లు సువార్తలు ఇంకోసారి చదవాలి.

దానికి ముందు ఒక్క మాట. మీరు పరదేశులవడానికి విమానం ఎక్కనక్కరలేదు. మనది మొరసునాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కొంత కన్నడం, అత్తిబెలె దాటితే పూర్తిగా కన్నడం, కంపెనీలో ఇంగ్లీషు. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి ఎక్కి 2015-16కు పదో తరగతికి చేరింది. అమ్మభాషలో పరీక్ష రాయనివ్వండి అని అడగడానికి ఈ ప్రాంతపు పిల్లలు, తల్లిదండ్రులు కోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. సొంత ఊళ్లోనే "మీరు ఎక్కడివాళ్లు?" అనిపించుకున్న పిల్లలు మీరు. ఆ అనుభవం మీ పెట్టెలో మోసుకుపోవలసిన సామాను. దాన్ని ఇక్కడే వదిలేసి పోకండి. నేను చెప్పబోయేదంతా దానిమీదే నిలబడి ఉంది.

సరే, డబ్బు.

జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. నిజమే. కానీ వీసాకు ముందే ఒక ఏడాది బతుకు ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్ అనే ఖాతాలో వేసి చూపించాలి. మన రూపాయల్లో పది లక్షల పైమాట. నెలనెలా అందులోంచి కొంత కొంత మనకే ఇస్తారు. అమెరికా అయితే ఇంకా ఎక్కువ. బ్యాంకు విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఆస్తి ఉన్న ఇంటికి ఇది ఒక కాగితం పని. లేని ఇంటికి అది తలుపు మూసేయడమే. అప్పుడు ఎక్కువ వడ్డీ ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ, లేకపోతే ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. నూటికి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. ఆ లెక్క పెళ్లిళ్లలో వేశారు, చదువుల్లో కూడా వేసి చూడండి.

కేంద్ర ప్రభుత్వానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 125 మందికి. అందులో ఎక్కువ భాగం షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకే. మాల, మాదిగ కుటుంబాల పిల్లలు సర్టిఫికెట్ చూపించి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఆ సర్టిఫికెట్‌లో హిందువు అనో, సిక్కు అనో, బౌద్ధుడు అనో ఉండాలి. క్రైస్తవుడు అని ఉంటే కుదరదు. ఎందుకంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఆ మాట చెప్పింది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఈ సంగతి ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నప్పుడల్లా మాట్లాడుకుంటాం. పేటలో ఒకే వీధి, ఒకే బోరింగు, ఒకే అవమానం. అయినా ఒక ఇంటి పిల్ల అర్జీ తీసుకుంటారు, పక్కింటి పిల్ల అర్జీ తీసుకోరు. ఆ పక్కింటి పిల్ల చేసిన పని బాప్తిస్మం తీసుకోవడం.

మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చే "పఢో పరదేశ్" అనే కేంద్ర పథకం ఒకటి ఉండేది. 2022-23 నుంచి దాన్ని ఆపేశారు. అంటే కుల తలుపు దగ్గరికి వెళ్తే మీరు క్రైస్తవులన్నారు, మత తలుపు దగ్గరికి వెళ్తే ఆ తలుపే తీసేశారు.

కానీ ఈ మాట వినండి, నోట్‌బుక్కులు ఉన్నవాళ్లు రాసుకోండి. మనం తమిళనాడులో ఉన్నాం. ఈ రాష్ట్రపు ఆదిద్రావిడ, గిరిజన సంక్షేమ శాఖకు విదేశీ ఉన్నత విద్యకు సొంత పథకం ఉంది, అంబేడ్కర్ పేరు మీదే ఉంది. అందులో క్రైస్తవులైన ఆదిద్రావిడులకూ చోటుంది. కేంద్రం మూసిన తలుపు ఇక్కడ తెరిచి ఉంది. మన ప్రాంతం ఇళ్లకు ఇది తెలియదు, ఎందుకంటే ప్రకటన తమిళంలో వస్తుంది, మనవాళ్లలో పెద్దలు దాన్ని చదవరు. భాష సమస్య కేవలం పరీక్ష సమస్య కాదు, ఇలా డబ్బు సమస్య కూడా అవుతుంది. ఆదాయ పరిమితి, ఇచ్చే మొత్తం ఎప్పటికప్పుడు మారుస్తుంటారు కాబట్టి కృష్ణగిరి కలెక్టరేట్‌లో ఉన్న ఆ శాఖ ఆఫీసులోనే అడగాలి. హైదరాబాదులో మన బంధువుల పిల్లలు ఉంటే వాళ్లకు చెప్పండి, తెలంగాణ ప్రభుత్వానికి మైనారిటీల కోసం ముఖ్యమంత్రి పేరు మీద విదేశీ విద్యా పథకం ఉంది, క్రైస్తవులూ అర్హులే, 20 లక్షల వరకు ఇస్తారు.

సంఘం కూడా ఏదో చేయగలదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లింది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో. అక్కడ ఆసుపత్రిలో రాత్రిళ్లు పనివాడిగా చేస్తూ హార్వర్డులో చదివి, 1930లో డాక్టరేటు తీసుకున్నారు. ఆ ధర్మసంస్థ వాళ్లకు ఈ కుర్రాడు ప్రపంచానికి ఏం ఇస్తాడో తెలియదు. ఇచ్చారు, అంతే. కోతపండుగ కానుకల్లోంచి ఒక భాగం వడ్డీ లేని చదువు అప్పుగా తిప్పవచ్చు కదా అని నేను రెండేళ్లుగా అడుగుతున్నాను. ప్రహరీ గోడకు గ్రానైటు పలకలు ముందు కావాలంటున్నారు. కృష్ణగిరి జిల్లాలో గ్రానైటుకు కొదవ లేదు, అది ఎక్కడికీ పోదు. పిల్లల వయసు పోతుంది.

ఏజెంట్ల గురించి క్లుప్తంగా. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే కాలేజీ మూతపడింది. మన తెలుగు పిల్లలు వందల్లో చిక్కుకున్నారు, కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అన్నదాన్ని అమెరికా ప్రభుత్వమే వలగా పన్నిందని బయటపడింది. మొదటి విడత పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లు. తరగతులు లేకుండా ఫీజు కడితే చాలు, ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరు చెప్పినా, అతడు మీ మేనమామ కొడుకైనా సరే, లేచి వచ్చేయండి.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని మనం సండే స్కూల్లో కూరగాయల కథగా నేర్చుకున్నాం. నిజానికి అది విదేశీ విద్యార్థి కథ. మూడేళ్ల కోర్సు. కల్దీయుల భాష, వాళ్ల గ్రంథాలు సిలబస్సు. భోజనం రాజుగారి ఖర్చు. చివర రాజు ముందు పరీక్ష. అయితే వీళ్లు స్కాలర్‌షిప్పు అడిగి వెళ్లినవాళ్లు కాదు, చెరపట్టి తీసుకుపోయినవాళ్లు. చేరగానే మొదటి పని పేర్లు మార్చడం. దానియేలును బెల్తెషాజరు అన్నారు. హనన్యా, మిషాయేలు, అజర్యాలను షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్నారు. మనం ఈ రోజుకీ ఆ ముగ్గురిని చెరపట్టినవాళ్లు పెట్టిన పేర్లతోనే పిలుస్తున్నాం, చూశారా? వాళ్ల అమ్మలు పెట్టిన పేర్లు సగం మందికి గుర్తులేవు.

నలుగురు కుర్రాళ్లు ఒకే చోట ఉన్నారు. రాజు కల సంగతి వచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు దానియేలు ఏం చేశాడు? తన ఇంటికి వెళ్లి ఆ ముగ్గురికీ చెప్పాడు, కలిసి ప్రార్థన చేశారు. రెండో అధ్యాయం చివర దానియేలుకు పెద్ద పదవి వచ్చింది. అప్పుడు ఆ ముగ్గురి కోసం రాజును అడిగాడు. అంటే మూడేళ్లు ఒకే గదిలో తిన్న తిండి మరిచిపోలేదు. నేను వేదాంత కళాశాలలో ఈ అధ్యాయాన్ని తారీఖుల గొడవగా చదివాను, దానియేలు ఏ శతాబ్దంలో రాశారు అని. అదీ అవసరమే. హాస్టలు గదిలో ఉన్నవాడు మాత్రం దాన్ని వేరేగా చదువుతాడు.

ఇక గది సంగతి. అక్కడ మీరు బతికేది ఎక్కువగా గదిలోనే. అమెరికాలో అయితే రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురు, ఒక్కోసారి ఆరుగురు. వంట వంతులు గోడమీద రాసి ఉంటాయి. చదువుకునే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పని చేయనిస్తారు. ఆ డబ్బుతో అద్దె, బియ్యం, ఫోను. అలాంటి గదికి ఒక రోజు ఫోను వస్తుంది. "మామా, మీ ఊళ్లో ఇంటర్వ్యూ ఉంది, రెండు రోజులు ఉంటాను." లేదా, "నా చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు, అద్దె కట్టలేను, వస్తాను." రెండు రోజులు అన్నవాడు రెండు నెలలు ఉంటాడు. ఇది విదేశాలకు పోయిన ప్రతి తెలుగు గదిలో జరిగే కథ. సోఫా మీద ఒక మనిషి లేని గది అరుదు.

షూనేములో ఒక స్త్రీ ఎలీషాకు పెట్టిన గది గుర్తుందా? రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం. మేడమీద చిన్న గది. మంచం, బల్ల, పీట, దీపస్తంభం. నాలుగే వస్తువులు. మీ స్టూడెంటు గదిలోనూ సరిగ్గా ఆ నాలుగే ఉంటాయి. ఆమె భర్తను అడిగి ఏర్పాటు చేసింది, అది గమనించండి. ఇంట్లో ఉన్న మిగతావాళ్లను అడగకుండా అతిథిని దించడం ఆతిథ్యం కాదు, వాళ్లమీద భారం వేయడం. ముగ్గురు అమ్మాయిలున్న ఇంట్లో ఒకమ్మాయి తన తమ్ముడి స్నేహితుడిని పడుకోబెడితే మిగతా ఇద్దరూ ఆ రాత్రి నిద్రపోరు. లీజు కాగితంలో అతిథి ఎన్నాళ్లు ఉండవచ్చో రాసి ఉంటుంది, చదవండి. వచ్చినవాడికి మొదటి రోజే చెప్పండి, ఇన్ని వారాలు, ఈ ఖర్చులో ఇంత, గిన్నెలు నువ్వే కడగాలి. నాకు తెలిసిన ఒక తమ్ముడు మ్యూనిక్‌లో ఇలా చెప్పినందుకు ఊళ్లో వాళ్లమ్మకు ఫిర్యాదు వచ్చింది, "మీవాడు బంధువు చేత గిన్నెలు కడిగించాడు" అని. ఆమె నన్నడిగింది. గిన్నెలు కడిగినవాడు ఆ ఇంటివాడైపోతాడమ్మా, కడగనివాడే పరాయివాడుగా మిగిలిపోతాడు అన్నాను.

కానీ నేను ఇవాళ ముఖ్యంగా అడగాలనుకున్నది వేరు. ఎవరికి తలుపు తీస్తున్నారు?

1913లో ఒక భారతీయ విద్యార్థి న్యూయార్క్‌లో దిగాడు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన వేతనం, నెలకు పదకొండున్నర పౌండ్లు. కొలంబియా విశ్వవిద్యాలయం. లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్‌లో నావల్ భథేనా అనే పార్శీ కుర్రాడితో కలిసి ఉన్నాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. తరవాత చదువు ముగించడానికి మళ్లీ లండన్ పోవలసి వచ్చినప్పుడు అప్పిచ్చినవాళ్లలో ఆ భథేనా ఒకరు. ఆ విద్యార్థి పేరు మీకు తెలుసు, భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్. పరాయి దేశంలో ఉన్న ఆ ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న సంగతి మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని ఆయనే తరవాత రాసుకున్నారు.

1917లో తిరిగి వచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగం చేయాలి. రైలు దిగగానే వచ్చిన ప్రశ్న, ఎక్కడ ఉండాలి? హిందూ హోటల్లో ఉండనివ్వరు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాసి చేరారు. రోజుకు రూపాయిన్నర. పైఅంతస్తులో ఒక్కరే, చుట్టూ పాత సామాన్లు, సరైన దీపం లేదు. షూనేమీయురాలి గదిలో ఉన్న దీపం కూడా అక్కడ లేదు. పదకొండో రోజు ఉదయం ఆయన ఆఫీసుకు బయలుదేరుతుంటే కర్రలు పట్టుకుని పది పన్నెండు మంది పార్శీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికి ఖాళీ చేయాలన్నారు.

ఇక్కడి నుంచి మనం తలవంచుకుని వినాలి. ఆయనకు బరోడాలో ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. హిందూ స్నేహితుడు, నువ్వు వస్తే మా పనివాళ్లు మానేస్తారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు, రేపు నా భార్య వస్తుంది, ఆమెను అడగాలి అన్నాడు. భార్యాభర్తలిద్దరూ బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు. భర్త కొంత మారాడు, భార్య ఆచారాలు మారలేదు, అంటరానివాణ్ణి ఇంట్లో పెట్టుకోవడానికి ఆమె ఒప్పుకోదని అంబేడ్కర్‌కు తరవాత తెలిసింది. ఆయన ఒక తోటలో కూర్చుని రాత్రి బొంబాయి రైలు ఎక్కారు. ఇది ఆయన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే చిన్న ఆత్మకథలో ఉంది. ఆ పుస్తకం పేరు చూడండి. మనం వీసా కోసం చెన్నై కాన్సులేట్ ముందు లైను కడతాం. ఆయన సొంత దేశంలో ఒక గది కోసం ఆ మాట వాడారు.

భార్యను అడగాలి అన్నది తప్పు కాదు, ఇందాక నేనే చెప్పాను కదా, ఇంట్లోవాళ్లను అడగమని. కానీ అడగడం ఒకటి, అడుగుతాను అని సాకు చెప్పడం ఒకటి. ఆ తేడా అడిగేవాడికి తెలుసు, తలుపు బయట నిలబడినవాడికీ తెలుసు. వందేళ్ల తరవాత కూడా క్రైస్తవుల గురించి ఆ పేజీ అలాగే ఉంది. ప్రతి అచ్చులోనూ వస్తూనే ఉంటుంది.

అమెరికాలో ఇప్పుడు కులం లేదని చెప్పేవాళ్లను నమ్మకండి. 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం తన వివక్ష నిరోధ నియమాల్లో కులాన్ని చేర్చింది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అంటే అప్పట్లో 23 క్యాంపస్‌లున్న పెద్ద సంస్థ, అదే చేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఒప్పుకున్న బిల్లును గవర్నరు అక్టోబరులో తిప్పి పంపారు. రోగం లేని చోట ఇంత మందు ఎందుకు? రూమ్మేటు కావాలన్న ప్రకటనలో కులం పేరు రాయరు. "మన వాళ్లు" అని రాస్తారు. "వెజ్ మాత్రమే" అని రాస్తారు. ఇంటిపేరు అడుగుతారు, తరవాత ఊరు అడుగుతారు, ఆ తరవాత ఊళ్లో ఏ వైపు అని అడుగుతారు. మన క్రైస్తవ పిల్లలకు ఇంకో పరీక్ష కూడా ఉంటుంది. "క్రిస్టియనా? అంటే..." అని ఆగుతారు. ఆ ఆగడంలో ఏముందో పేట నుంచి వచ్చిన పిల్లలకు వివరించనక్కరలేదు. రెడ్డి క్రైస్తవుడు, కమ్మ క్రైస్తవుడు ఆ సమయంలో వెంటనే తన కులం చెప్పేసుకుని ఊపిరి పీల్చుకుంటాడు. చెప్పకు తమ్ముడూ. ఆ ఒక్క నిమిషం ఆ అనుమానంలోనే ఉండు. నీ పక్కనున్నవాడు పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నాడు.

యోహాను మూడవ పత్రిక చాలా చిన్నది. అందులో ఉన్న గొడవంతా ఇదే. గాయు అనే ఆయన దారిన వచ్చిన సహోదరులను, అదీ ముఖపరిచయం లేనివాళ్లను, ఇంట్లో పెట్టుకున్నాడు. దియొత్రెఫే అనే ఆయన వాళ్లను చేర్చుకోలేదు, చేర్చుకోబోయినవాళ్లను సంఘంలోంచి వెళ్లగొట్టాడు. బైబిలులో ఒక పత్రిక మొత్తం సోఫా మీద ఎవరు పడుకోవచ్చు అన్న సంగతికి ఖర్చయింది. ఆతిథ్యం అని మనం అనువదించుకున్న గ్రీకు మాట ఫిలోక్సెనియా. పరాయివాడి మీద ప్రేమ అని దాని అర్థం. మేనత్త కొడుక్కి బిర్యానీ వండటం మంచి పనే, దానికి ఆ మాట వాడరు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గురించి మీలో కొందరికి తెలుసు. తమిళుడు. తెలుగు నేర్చుకుని మన తెలుగు పల్లెల్లో పని చేశాడు, 1912లో దోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముందు లేచి నిలబడి చెప్పిన సారాంశం ఇది. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, సరే, మాకు స్నేహితులు కావాలి. దయ చూపించే యజమానులు చాలు, మాతో సమానంగా కూర్చునేవాళ్లు కావాలి. ఆ సభలో కొందరికి అది అస్సలు నచ్చలేదు. మీరు రేపు అక్కడ తెల్లవాళ్ల సంఘంలో కూర్చుంటే మీకూ ఇది అర్థమవుతుంది. గుమ్మం దగ్గర చేయి కలుపుతారు, నవ్వుతారు, చాలా మంచివాళ్లు. ఇంటికి మాత్రం ఎవరూ పిలవరు. అలాంటప్పుడు అలిగి తెలుగు గుంపులోకి వచ్చి ముడుచుకుపోకండి. మీరే పిలవండి. మీ గదిలో నాలుగు వస్తువులు చాలు. రాగి ముద్ద దొరక్కపోతే అన్నం, అనపగింజలు దొరక్కపోతే డబ్బాలో వచ్చే బీన్సు. నైజీరియా నుంచి వచ్చినవాడినీ, ఉక్రెయిన్ నుంచి వచ్చినమ్మాయినీ, పాకిస్తాన్ నుంచి వచ్చినవాడినీ కూడా పిలవండి. పాకిస్తాన్ అనగానే వెనకాల కదిలారు. కదలండి, పర్వాలేదు.

ఈ మాట ఇక్కడున్న పెద్దలకు కూడా. సిప్‌కాట్ వచ్చాక హోసూరు మారిపోయింది. ఒడిశా, బీహార్, జార్ఖండ్, అస్సాం నుంచి వచ్చిన పిల్లలు మన వీధుల్లో లైను ఇళ్లలో ఒక గదికి ఆరుగురు చొప్పున ఉంటున్నారు. మీ కొడుకు డాలస్‌లో ఎలా ఉంటాడో వాళ్లు ఇక్కడ అలాగే ఉన్నారు. వాళ్లలో క్రైస్తవులు ఉన్నారు, ముఖ్యంగా జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ పిల్లలు. ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తెలియక గదిలోనే పడుకుంటారు. మన ఇళ్లమీద "టు లెట్" బోర్డు పెట్టి, హిందీ వాళ్లకు ఇవ్వం, ముస్లింలకు ఇవ్వం, మాంసం తినేవాళ్లకు ఇవ్వం అనే క్రైస్తవులు ఇక్కడే ఉన్నారు. ఈ మూడో షరతు పెట్టినాయన క్రిస్మస్‌కి రెండు మేకలు కోయిస్తాడు, అది వేరే సంగతి. మీ అబ్బాయికి బెర్లిన్‌లో ఇల్లు దొరకాలని ఉపవాస ప్రార్థన పెట్టమని నన్ను పిలుస్తారు. వస్తాను. వచ్చినప్పుడు పైఅంతస్తు ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతాను.

చివరగా గ్రాడ్యుయేషన్. దీన్ని ఫొటో కోసం జరిగే పండుగ అనుకుంటారు. గౌను అద్దెకు తీసుకోవాలి, టోపీ కుచ్చు ఏ వైపు ఉండాలో నేర్చుకోవాలి, ఒక్కో విద్యార్థికి ఇన్ని సీట్లే అని కొన్నిచోట్ల లెక్క ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనవి కాగితాలు. అమెరికాలో చదువు తరవాత పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి అర్జీ పెట్టవచ్చు, ముగిశాక 60 రోజులు దాటితే అవకాశం పోతుంది. అది 12 నెలలు, సైన్సు ఇంజనీరింగు కోర్సులకు ఇంకో 24 నెలలు. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. జర్మనీలో డిగ్రీ తరవాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఈ తారీఖులు క్యాలెండరులో ఇప్పుడే రాసుకోండి. సోఫా మీదికి చేరిన స్నేహితుల్లో ఈ తారీఖులు తప్పినవాళ్లు కొందరుంటారు.

ఎవరి గ్రాడ్యుయేషన్ ఎప్పుడో ఒకేలా ఉండదు. అంబేడ్కర్ 1916లోనే కొలంబియాకు తన పరిశోధన సమర్పించారు. అప్పటి నియమం ప్రకారం అది పుస్తకంగా అచ్చయితేనే పట్టా. అచ్చు వేయించేసరికి 1925. పట్టా చేతికి వచ్చేసరికి 1927. పదకొండేళ్లు. మీ పక్కవాడికి ముందు వచ్చిందని, మీకు ఒక సబ్జెక్టు ఆగిందని ఇంట్లో అబద్ధం చెప్పకండి. ఫెయిలైన సంగతి దాచి, పాసయ్యానని చెప్పి, ఆ అబద్ధాన్ని మోయలేక ప్రాణం తీసుకున్న పిల్లలున్నారు. అలాంటి ఇంటికి వెళ్లి నేను సమాధి ఆరాధన చేశాను. ఆ తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "నాకు చెప్పి ఉంటే నేనేమన్నా అనేవాణ్ణా అయ్యగారూ?" అమ్మలూ అయ్యలూ, అనరని వాళ్లకు ఇప్పుడే చెప్పండి, బయలుదేరక ముందే. అప్పు ఎంతో కూడా చెప్పండి. ఆ అప్పు వాడొక్కడి మెడమీద లేదని కూడా చెప్పండి.

ఇక గ్రాడ్యుయేషన్‌కు తల్లిదండ్రులు వెళ్లే సంగతి. విజిటర్ వీసా, విమానం టికెట్లు, మూడు లక్షలు. సూళగిరి వైపు ఒకమ్మ నన్నడిగింది, తోట మామిడికాయ ఈ ఏడాది గుజ్జు ఫ్యాక్టరీకి గిట్టలేదు, పోవాలా వద్దా అని. నేను పొమ్మనలేదు, వద్దనలేదు. అక్కడ ఉన్న పిల్లలకు ఒక మాట చెప్పాను. పేరు పిలిచినప్పుడు హాల్లో కేక వేయడానికి ఎవరూ లేని స్నేహితుడు మీ మధ్య ఉంటాడు. వాడికి మీరే ఇంటివాళ్లు. వాడి కోసం వెళ్లండి, అరవండి, పొద్దున వాడికి గౌను ఇస్త్రీ చేసి పెట్టండి. మధ్య అమెరికాలో మే నెలలో పొద్దున పదింటికి కార్యక్రమం మొదలైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్లో ప్రత్యక్షంగా చూపిస్తారు. ఆమె ఇంట్లో ఒంటరిగా చిన్న ఫోన్లో చూడటం ఎందుకు? మన ప్రొజెక్టరు ఆదివారం పాటల మాటలకే కాదు. ఆ రాత్రి సంఘంలో పెట్టి అందరం చూద్దాం. అబ్బాయి పేరు ఆ దేశంవాళ్లు ఎలా పలికినా సరే, మనం వాళ్లమ్మ పెట్టినట్టు పలుకుదాం.

ఒక పని ఉంది. వచ్చే సోమవారం మేం కొందరం కృష్ణగిరి కలెక్టరేట్‌కు, ఆదిద్రావిడ సంక్షేమ ఆఫీసుకు వెళ్తున్నాం. కులధ్రువీకరణ పత్రం, ఆదాయపత్రం, మార్కుల కాగితాలు, విశ్వవిద్యాలయం ఇచ్చిన అడ్మిషన్ లెటరు జిరాక్సులు రెండు సెట్లు తెచ్చుకోండి. తమిళం చదవగలిగిన పిల్లలు ఇద్దరు మాతో రావాలి. ఉదయం ఏడున్నరకు హోసూరు బస్టాండులో కలుద్దాం. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. ముందు వెనక కుర్చీల్లోంచి, అమ్మలు అడగండి.